రెండేళ్ల పడవ: సుల్తానా ఎలా బతికింది, ఎందుకు పేలింది

1865 ఏప్రిల్ 26న అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రం హెలెనా రేవులో ఒడ్డు మీద నుంచి తీసిన ఫొటో ఒకటి ఉంది. నీళ్ల మీద తెల్లటి కొయ్య స్టీమరు, రెండు పొడవాటి పొగగొట్టాలు, పక్కన గుండ్రటి చక్రపు గూడు. తొలి చూపులో ఆ స్టీమరు చీమలు పట్టిన బెల్లం అచ్చులా కనిపిస్తుంది. కళ్లు దగ్గరికి పెట్టి చూస్తే అవన్నీ మనుషులు. కింది డెక్ మీద, పై డెక్ మీద, దాని కప్పు మీద, మెట్ల మీద, కాలు పెట్టే జాగా లేకుండా నిలబడ్డ మనుషులు. ఫొటో తీస్తున్నారని తెలిసి అందరూ ఒక్కసారిగా ఈ పక్కకు వచ్చేసరికి పడవ ఒరిగిపోబోయిందని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

ఇరవై నాలుగు గంటలు తిరక్కముందే, తెల్లవారుజామున రెండింటికి, మెంఫిస్ నగరానికి ఏడు మైళ్ల ఎగువన ఆ స్టీమరు బాయిలర్లు పేలాయి.

దాని పేరు సుల్తానా. ఎంతమంది పోయారన్నది ఈనాటికీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు. అప్పటి అధికారుల లెక్క 1,547. కొందరు 1,800 అన్నారు. పేరుపేరునా జాబితాలు సరిచూసిన ఇటీవలి పరిశోధకులు 1,170 దగ్గర ఆగారు. ఏ లెక్క తీసుకున్నా, అమెరికా జలరవాణా చరిత్రలో ఒక్క ప్రమాదంలో అంతమంది పోవడం మళ్లీ జరగలేదు.

ఈ ప్రమాదం గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది బాయిలర్ ఎందుకు పేలిందన్న దగ్గరే ఆగిపోతారు. నాకు అది సగం ప్రశ్నే అనిపిస్తుంది. ఆ రోజుల్లో మిసిసిపీ నది మీద బాయిలర్ పేలడం వింత కాదు. వింత ఏమిటంటే, 376 మంది ప్రయాణికులకు మాత్రమే అనుమతి ఉన్న పడవ మీద ఆ రాత్రి సిబ్బందితో కలిపి 2,100 మందికి పైగా ఉండటం. మొదటి ప్రశ్నకు జవాబు ఇనుములో, నీళ్లలో, ఆవిరిలో ఉంది. రెండోదానికి జవాబు డబ్బులో ఉంది. ముందు వీటిని విడివిడిగా చూడాలి. ఎక్కడ ముడిపడ్డాయో ఆ తర్వాత కనిపిస్తుంది.

పొయ్యి మీద కట్టిన మేడ

సుల్తానా 1863 జనవరి 3న ఒహాయో నది ఒడ్డున, సిన్సినాటిలోని జాన్ లిథర్‌బరీ పడవల కార్ఖానా నుంచి నీళ్లలోకి దిగింది. పొడవు 260 అడుగులు, వెడల్పు 42 అడుగులు. అటొకటి ఇటొకటి రెండు తెడ్ల చక్రాలు, ఒక్కొక్కటి 34 అడుగుల ఎత్తు. దిగువ మిసిసిపీలో పత్తి మోయడానికి కట్టిన పడవ.

నదీ స్టీమరును సముద్రపు ఓడలా ఊహించుకుంటే తర్వాత జరిగింది అర్థం కాదు. మిసిసిపీలో ఇసుకమేటలు ఎక్కువ, లోతు ఎక్కడికక్కడ మారిపోతుంది. అందుకని పడవ అడుగు బల్లపరుపుగా ఉండాలి. సుల్తానా సరుకుగది లోతు ఏడడుగులే. లోపల జాగా లేదు కనుక బాయిలర్లు, యంత్రాలు, బొగ్గు అన్నీ కింది డెక్ మీదే పెట్టేవాళ్లు. వాటి నెత్తిన కేబిన్ల అంతస్తు, దాని నెత్తిన ఇంకో అంతస్తు, అన్నిటికీ పైన సరంగు నిలబడి చుక్కాని తిప్పే గది. బరువు తగ్గించడానికి పై కట్టడమంతా పల్చటి చెక్కతో కట్టి నూనెరంగు పూసేవాళ్లు. మండుతున్న పొయ్యి మీద చెక్కమేడ కట్టుకుని అందులో కాపురముండటం లాంటిది ఆ స్టీమర్ల ప్రయాణం.

అవి ఎక్కువకాలం బతికేవి కూడా కావు. నీటి కింద దాగిన చెట్టుమొద్దు గుచ్చుకునో, నిప్పంటుకునో, బాయిలర్ పేలో, సగటున అయిదేళ్లలో ఆయుష్షు తీరేది. యజమానులకు ఇది బాగా తెలుసు. అందుకే పెట్టిన డబ్బు మొదటి ఒకటి రెండేళ్లలోనే రాబట్టుకోవాలని చూసేవాళ్లు. రేవులో ఒక రోజు ఖాళీగా నిలబడితే ఆ రోజు నష్టమే. ఈ తొందర ఏ ఒక్కరి గుణమో కాదు, ఆ వ్యాపారమే అలాంటిది. సుల్తానా కథలో ఇది అడుగడుగునా కనిపిస్తుంది.

సుల్తానా వచ్చింది అమెరికా అంతర్యుద్ధం మధ్యలో. 1863 జులైలో మిసిసిపీ ఒడ్డున దక్షిణాది చేతిలో ఉన్న విక్స్‌బర్గ్ నగరం ఉత్తరాది సైన్యం వశమయ్యాక దిగువ నది రవాణాకు తెరుచుకుంది. సుల్తానా సరుకులు మోసింది, ప్రయాణికులను మోసింది, సైన్యం అడిగినప్పుడల్లా సిపాయిలను మోసింది. 1864 మార్చిలో సెయింట్ లూయిస్‌కు చెందిన జేమ్స్ కాస్ మేసన్ మరికొందరితో కలిసి దాన్ని కొన్నాడు. మొదట్లో ఆయన వాటా పెద్దదే. చేతిలో డబ్బు ఆడక ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటూ వచ్చాడు. 1865 వసంతం నాటికి మిగిలింది పదహారో వంతు. పడవకు కెప్టెన్ ఆయనే, నిర్ణయాలు ఆయనవే, లాభంలో భాగం మాత్రం ఇసుమంత. అప్పుల్లో ఉన్న మనిషికి ఒక పెద్ద ట్రిప్పు ఎంత అవసరమో విడమరిచి చెప్పక్కర్లేదు.

అడుగంటిన బాయిలర్

ఇక ఇనుము సంగతి. పాతరకం నదీ స్టీమరు బాయిలర్ ఒక పెద్ద ఇనుప పీపా. దాని నిండా నీళ్లు, ఆ నీళ్ల మధ్యగా రెండు లావుపాటి గొట్టాలు, వాటిలోంచి మంట, వేడిగాలి పోతాయి. సుల్తానాకు అమర్చినవి కొత్తరకం. మొత్తం నాలుగు బాయిలర్లు, ఒక్కొక్కటీ 18 అడుగుల పొడవు, లోపల రెండు గొట్టాలకు బదులు సన్నటివి 24. గొట్టాలు పెరిగితే వేడి తగిలే లోహం పెరుగుతుంది, తక్కువ బరువున్న బాయిలర్ ఎక్కువ ఆవిరి ఇస్తుంది. కాగితం మీద ఇది మెరుగే. తేటనీళ్లలో నిజంగానూ మెరుగే.

మిసిసిపీ తేటనీళ్ల నది కాదు. బాయిలర్‌లోకి పోయేది నేరుగా నదిలో తోడిన నీళ్లే, వరదరోజుల్లో చిక్కటి బురదనీళ్లు. నీళ్లు ఆవిరైపోతాయి, బురద లోపలే ఉండిపోతుంది. రెండు గొట్టాలున్న బాయిలర్‌ను గోకి శుభ్రం చేయవచ్చు. దగ్గర దగ్గరగా ఉన్న ఇరవై నాలుగు గొట్టాల సందుల్లోకి ఏ చేయి పోతుంది? పప్పు అడుగంటిన గిన్నెను తోమినవాళ్లకు మిగతాది చెప్పకుండానే తెలుస్తుంది. నీళ్లు తగులుతున్నంతసేపు గిన్నె అడుగు ఆ నీళ్ల వేడిని మించి పెద్దగా వేడెక్కదు. మధ్యలో పొర కడితే ఆ చోటు మాడిపోతుంది. బాయిలర్‌లోనూ అంతే. బురద పేరుకున్న చోట లోహం హద్దుమీరి వేడెక్కుతుంది, బలం కోల్పోతుంది.

ఆ లోహం కూడా సరైనది కాదు. సుల్తానా బాయిలర్లకు వాడింది చార్‌కోల్ హ్యామర్డ్ నంబర్ 1 అనే రకం ఇనుప రేకు. మాటిమాటికీ వేడెక్కి చల్లారుతూ ఉంటే అది పెళుసుబారుతుందని తర్వాత అర్థమైంది. 1879 తర్వాత దాన్ని బాయిలర్లకు వాడటం మానేశారు.

ఇక అతుకు. 1865 ఏప్రిల్ 21న సుల్తానా న్యూ ఆర్లియన్స్ నుంచి ఎగువకు బయల్దేరింది. విక్స్‌బర్గ్ ఇంకో పది గంటల దూరం ఉందనగా నాలుగు బాయిలర్లలో ఒకటి కారడం మొదలుపెట్టింది. ఆవిరి తగ్గించుకుని మెల్లగా రేవు చేరింది. అక్కడి బాయిలర్ పనివాడు ఆర్. జి. టేలర్ చూసి, ఉబ్బిన రేకు కోసేసి కొత్తది వేయాలన్నాడు. దానికి కొన్ని రోజులు పడుతుంది. అన్ని రోజులు ఆగితే రేవులో ఉన్న బేరం ఇంకో పడవకు పోతుంది. మేసన్, చీఫ్ ఇంజనీర్ కలిసి టేలర్‌ను ఒప్పించి ఉబ్బు మీద ఒక అతుకు వేయించారు. బాయిలర్ రేకు మందం అంగుళంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. అతుకు మందం పావు అంగుళం. గుండ్రటి పీపా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందన్నది దాని రేకు మందాన్ని బట్టి ఉంటుంది. సుల్తానాకు అనుమతించిన ఒత్తిడి చదరపు అంగుళానికి 145 పౌండ్లు. ఆ అతుకు లెక్క ప్రకారం అది 100 దగ్గరకు దిగిపోవాలి. పడవ మాత్రం వరదనదికి ఎదురెక్కాలి, నిండుబరువుతో.

ఇంట్లో కుక్కర్ పనిచేసే ఒత్తిడి సుమారు 15 పౌండ్లు. 145 పౌండ్ల దగ్గర నీళ్లు 180 డిగ్రీలు దాటి కూడా నీళ్లలాగే ఉంటాయి, ఒత్తిడి నొక్కిపట్టి ఉంచుతుంది కాబట్టి. రేకు చీలగానే ఆ పట్టు పోతుంది. టన్నులకొద్దీ నీళ్లలో దాదాపు ఆరో వంతు రెప్పపాటులో ఆవిరైపోతుంది. ఒక లీటరు నీళ్లు 1,600 లీటర్లకు పైగా ఆవిరి అవుతాయి. బాయిలర్ పేలుడు ప్రాణాంతకమయ్యేది లోపల అప్పటికే ఉన్న ఆవిరి వల్ల కన్నా, ఆ క్షణంలో పుట్టే ఈ ఆవిరి వల్లే. సుల్తానాలో నాలుగు బాయిలర్లూ పక్కపక్కన, ఒకదానికొకటి కలిపి ఉన్నాయి. వాటిలో మూడు పేలాయి.

తలకు ఇంత

రెండో ప్రశ్నకు వద్దాం. యుద్ధం ముగిసింది. దక్షిణాదిలో బందీలుగా ఉన్న ఉత్తరాది సైనికులను ఇళ్లకు పంపడానికి విక్స్‌బర్గ్ దగ్గర క్యాంప్ ఫిస్క్ అనే శిబిరంలో చేర్చారు. వీళ్లలో ఎక్కువమంది అలబామాలోని కహాబా, జార్జియాలోని ఆండర్సన్‌విల్ జైళ్ల నుంచి వచ్చినవాళ్లు. ఆండర్సన్‌విల్‌లో ఉంచిన సుమారు 45,000 మందిలో 13,000 మంది దాకా ఆకలికి, రోగాలకు చనిపోయారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు ఎముకల గూళ్లు. ఇంటికి పోతున్నామన్న ఒక్క మాటే వాళ్లను నడిపిస్తోంది.

వాళ్లను ఎగువకు చేర్చే పడవలకు ప్రభుత్వం తలకు ఇంత అని చెల్లించేది. విక్స్‌బర్గ్‌లో సైన్యపు రవాణా ఏర్పాట్లు చూసే క్వార్టర్‌మాస్టర్ రూబెన్ హ్యాచ్. లంచాల ఆరోపణల మీద యుద్ధం తొలి రోజుల్లోనే ఒకసారి అరెస్టయినవాడు. అతని అన్న ఇలినాయి రాష్ట్ర కార్యదర్శిగా చేసినవాడు, అధ్యక్షుడు లింకన్‌కు సన్నిహితుడు. ఉద్యోగం నిలబడింది. సుల్తానా దిగువకు వెళ్తూ విక్స్‌బర్గ్‌లో ఆగినప్పుడే హ్యాచ్, మేసన్ మధ్య మాట కుదిరింది. మేసన్‌కు వెయ్యికి పైగా తలలు దక్కుతాయి, అందులో హ్యాచ్‌కు వాటా ముడుతుంది. రేకు మార్పించడానికి మేసన్ ఎందుకు ఆగలేకపోయాడో ఇక్కడ తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఏప్రిల్ 24 నాటి లెక్క. మామూలుగా అయితే పేర్ల జాబితాలు సిద్ధం చేసి, దాని ప్రకారం కొందరిని ఒక పడవలో, కొందరిని మరో పడవలో పంపాలి. ఆ రోజు జాబితాల కోసం ఆగకుండా, ముందు ఎక్కించి పేర్లు రాసుకుందామనుకున్నారు. ఆ పని చూస్తున్న కెప్టెన్ ఫ్రెడరిక్ స్పీడ్, మొత్తం 1,400 మంది లోపే ఉంటారని నమ్మాడు. శిబిరం నుంచి రైళ్లలో మనుషులు వస్తూనే ఉన్నారు. వేరే పడవల వాళ్ల దగ్గర స్పీడ్ లంచం తీసుకుని మనుషులను అటు మళ్లిస్తున్నాడేమోనని మరో అధికారి జార్జ్ విలియమ్స్‌కు అనుమానం వచ్చింది. అందుకని ఆయన అందరినీ సుల్తానాలోనే ఎక్కించాలని పట్టుబట్టాడు. ఒకడి అవినీతి, ఇంకొకడి అవినీతి వ్యతిరేకత రెండూ ఒకే పడవ మీద బరువు పెంచాయి. అదే రోజు పక్క రేవులో పాలిన్ కారల్ అనే స్టీమరు దాదాపు ఖాళీగా నిలబడి ఉంది. అది ఒక్క సైనికుడిని కూడా ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

సుల్తానా ఎక్కిన మాజీ ఖైదీలు 1,950 మందికి పైనే. బరువుకు పై డెక్‌లు కుంగుతుంటే కింద గుంజలు పోటు పెట్టారు. ఏ అధికారీ ఆ గుంజలు చూసి ఆగలేదు.

రెండు ప్రశ్నలూ ముడిపడేది ఇక్కడే. నాలుగు బాయిలర్ల నీళ్లు కలిసి ఉంటాయి. పడవ ఒక పక్కకు ఒరిగితే ఎత్తు పక్కనున్న బాయిలర్‌లోంచి నీళ్లు పల్లపు పక్కకు పోతాయి. ఎత్తున ఉన్న బాయిలర్‌లో పై గొట్టాలు నీళ్లు లేక ఎర్రగా కాగుతాయి. పడవ మళ్లీ నిలదొక్కుకున్నప్పుడు నీళ్లు వెనక్కి వచ్చి ఆ కాగిన లోహం మీద పడతాయి, ఒక్కసారిగా ఆవిరి ఎగదన్నుతుంది. మనుషులు కింద సరుకుగదిలో లేరు, పై అంతస్తుల్లో ఉన్నారు. ఏప్రిల్ 26 సాయంత్రం మెంఫిస్‌లో సరుకుగదిలోని చక్కెర పీపాలు దించేశారు. అడుగున ఉన్న బరువు పోయింది, నెత్తిన ఉన్న బరువు అలాగే ఉంది. అక్కడి నుంచి పడవ ప్రతి వంపులోనూ మరింత ఊగింది. జనం ఎక్కువవడం వల్ల మృతులు పెరగడమే కాదు, ఆ పేలుడుకు కూడా ఆ జనం బరువే కొంత కారణమై ఉంటుందని నేను నమ్ముతాను. బురద, పెళుసు ఇనుము, పల్చటి అతుకు, ఊగులాట. వీటిలో ఏదో ఒకటే దోషి అని తేల్చాలనుకోవడం పొరపాటు.

ఆ రాత్రి

అర్ధరాత్రి మెంఫిస్ వదిలి, అవతలి గట్టున బొగ్గు నింపుకుని సుల్తానా ఎగువకు సాగింది. నది గట్లు దాటి మైళ్ల వెడల్పున పారుతోంది. ఎగువన మంచు కరిగి వచ్చిన నీళ్లు, గడ్డకట్టించే చలి. ఏప్రిల్ 27, రాత్రి రెండు గంటలు.

పేలుడు పైకి, వెనక్కి చీల్చుకుపోయింది. సరంగు గది ముక్కలైంది. చుక్కాని పట్టేవాడు లేక పడవ ప్రవాహం చేతిలోకి పోయింది. పొగగొట్టాలు జనం మీద కూలాయి. పై డెక్ మధ్యభాగం విరిగి, పడుకున్నవాళ్లతో సహా కింద తెరుచుకున్న కొలుముల మీదికి జారింది. నూనెరంగు పూసిన పల్చటి చెక్క అంటుకోవడానికి ఎంతసేపు?

కొంతసేపు గాలి మంటను పడవ వెనక్కి నెట్టింది. ముందుభాగంలో వందలమంది చేరి, ఇక బతికామనుకున్నారు. ఇంతలో ఒక పక్క చక్రపు గూడు కాలి విరిగిపడింది. దాంతో పడవ నీళ్లలో అడ్డం తిరిగింది. అప్పటిదాకా వెనక్కి పోతున్న మంట వాళ్ల మీదికి మళ్లింది. నీళ్లలోకి దూకడం తప్ప దారి లేకపోయింది. పడవ మీద ఉన్న లైఫ్ బెల్టులు 76. ఈత రానివాళ్లు ఈత వచ్చినవాళ్లను పట్టుకున్నారు, గుంపులు గుంపులుగా మునిగారు. చాలామందిని చంపింది చలి. పడవ మీద పెట్టెలో పెంచుతున్న మొసలిని ఒక సైనికుడు బాయినెట్‌తో పొడిచి, ఆ చెక్కపెట్టె పట్టుకుని తేలాడు.

దిగువకు వస్తున్న బోస్టోనా అనే స్టీమరు మొదట చేరుకుని వందమందికి పైగా తీసింది. ఏడు మైళ్లు కొట్టుకొచ్చిన మనుషుల కేకలు విన్నాకే మెంఫిస్ రేవుకు సంగతి తెలిసింది. అర్కాన్సాస్ గట్టున, నిన్నమొన్నటిదాకా దక్షిణాది వైపు ఉన్న కుటుంబాలవాళ్లు దుంగలు కట్టి తెప్పలు చేసుకుని, చెట్లకొమ్మలు పట్టుకు వేలాడుతున్న ఉత్తరాది సైనికులను దించారు. సుమారు 760 మందిని ఆస్పత్రులకు చేర్చారు. కెప్టెన్ మేసన్ వాళ్లలో లేడు. ఉదయం తొమ్మిది ప్రాంతంలో కాలిన పడవ అర్కాన్సాస్ వైపు మౌండ్ సిటీ దగ్గర మునిగింది.

ఇరవైమూడేళ్ల తర్వాత, 1888లో, ఇది దక్షిణాది గూఢచారి రాబర్ట్ లౌడెన్ పని అని సెయింట్ లూయిస్‌లో ఒకతను చెప్పాడు. బొగ్గుముక్కలా కనిపించే బాంబును బొగ్గులో కలిపాడని, ఆ మాట లౌడెన్ తనతో స్వయంగా ఒప్పుకున్నాడని. అలాంటి బాంబు ఉండేది, థామస్ కోర్ట్‌నీ అనే దక్షిణాది మనిషి తయారు చేసిందే. అందుకే ఈ కథ చాలామందికి నమ్మబుద్ధి అవుతుంది. కానీ బొగ్గులోని బాంబు పేలాల్సింది బొగ్గు వేసే కొలిమిలో. సుల్తానా చీలింది బాయిలర్ల పై వెనుకభాగంలో, కొలిమికి దూరంగా. దానికితోడు, అలాంటి గొట్టాల బాయిలర్లే ఉన్న మరో రెండు స్టీమర్లు ఏడాది తిరక్కముందే పేలాయి, వాటి జోలికి ఏ గూఢచారీ పోలేదు. దిగువ మిసిసిపీలో ఆ రకం బాయిలర్ల వాడకం దాంతో ఆగింది. గూఢచారి కథను నేను నమ్మలేను. అది నమ్మితే విక్స్‌బర్గ్ రేవులో సంతకాలు పెట్టిన చేతులన్నీ శుభ్రమైపోతాయి.

ఆ చేతులకు శిక్ష కూడా పడలేదు. స్పీడ్ ఒక్కడినే సైనిక కోర్టు దోషిగా తేల్చింది, ఆయన స్వయంగా ఎవరినీ పడవ ఎక్కించలేదన్న కారణంతో పైఅధికారి ఆ తీర్పు కొట్టేశాడు. విలియమ్స్ మీద విచారణ జరగలేదు. హ్యాచ్ మూడుసార్లు సమన్లు వచ్చినా కోర్టుకు పోలేదు. పత్రికల్లో కూడా సుల్తానాకు చోటు తక్కువే దొరికింది. లింకన్ హత్య జరిగి పన్నెండు రోజులే, హంతకుడు బూత్ చచ్చింది ఏప్రిల్ 26న. లింకన్ వార్తను దిగువ ఊళ్లకు మోసుకెళ్లిన పడవల్లో సుల్తానా ఒకటి. టెలిగ్రాఫ్ తీగలు తెగి ఉన్నందున, ఇలినాయి రాష్ట్రంలోని కైరో రేవులో ఎక్కించుకున్న పత్రికలను అదే రేవురేవునా పంచుకుంటూ వెళ్లింది.

మిసిసిపీ తర్వాత దారి మార్చుకుంది. 1865లో పారిన చోటికి ఇప్పుడు సుమారు రెండు మైళ్లు తూర్పుగా పారుతోంది. 1982లో జెర్రీ పాటర్ అనే మెంఫిస్ న్యాయవాది బృందం అర్కాన్సాస్ వైపు ఒక సోయాబీన్ పొలంలో తవ్వింది. 32 అడుగుల లోతున, ఒకప్పటి నదీగర్భంలో, మాడి నల్లబడిన డెక్ పలకలు, దూలాలు దొరికాయి.